బీమాలో ఉచితంగా వచ్చే హెల్త్ చెకప్‌ను పూర్తిగా వాడుకోవడం ఎలా? విశాఖ వాసులకు సమగ్ర మార్గదర్శి

"పాలసీలో ఫ్రీ చెకప్ ఉందన్నారు, తీరా బిల్లు పంపితే కుదరదన్నారు." ఈ ఫిర్యాదు తరచూ వింటుంటాం. చాలాసార్లు అందులో మోసమేమీ ఉండదు. వరుస తప్పడమే కారణం. ముందు ల్యాబ్‌కు వెళ్లి రక్తమిచ్చి, తర్వాత కంపెనీకి ఫోన్ చేస్తారు. చాలా పాలసీల్లో ముందు కంపెనీ ద్వారా బుకింగ్, తర్వాతే పరీక్ష. ఈ వరుస తిరగబడితే డబ్బు చేతినుంచి పోయినట్టే.

రెండో నష్టం ఇంకా పెద్దది. పరీక్షలు చేయించుకుని, రిపోర్టు ఫోన్‌లో చూసి, డాక్టర్‌కు చూపించకుండా వదిలేయడం. కాబట్టి పాలసీ కాగితం తెరవడం దగ్గర్నుంచి రిపోర్టు డాక్టర్ చేతికి వెళ్లేదాకా, ఏది ముందో ఏది వెనకో వరుసగా చూద్దాం.

1. మీకున్నది ఏ రక్షణో ముందు తేల్చుకోండి

అన్ని కార్డులకూ చెకప్ రాదు. మీది వీటిలో ఏదో చూసుకోండి.

సొంతంగా కొన్న పాలసీ, అంటే ఒక్కరికో కుటుంబం మొత్తానికో తీసుకున్నది: వీటిలో చాలావాటికి ఏడాదికోసారో, రెండేళ్లకోసారో చెకప్ ఉంటుంది. ఈ వ్యాసం ముఖ్యంగా వీరి కోసమే.

కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీ: చెకప్ ఉందో లేదో హెచ్‌ఆర్ వారిని అడగాలి. కంపెనీ కార్డు మీద టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) పేరుంటే వారి యాప్‌లో కూడా కనబడుతుంది. ఉద్యోగం మానితే ఈ హక్కు అదే రోజుతో పోతుంది. రాజీనామా ఇచ్చాక నోటీసు కాలంలోనే వాడేసుకోండి. దువ్వాడ సెజ్, పరవాడ ఫార్మాసిటీల్లో పనిచేసేవారికి ఇంకో మాట: ఫ్యాక్టరీ వాళ్లు చేసే వార్షిక వైద్య పరీక్ష వేరు, ఇది వేరు. అది చేయించుకున్నారని దీన్ని వదులుకోనక్కర్లేదు.

ఈఎస్‌ఐ: పే స్లిప్పులో ఈఎస్‌ఐ కింద 0.75 శాతం కోత పడుతుంటే మీరు బీమాదారులే. 40 ఏళ్లు దాటినవారికి ఏడాదికోసారి ఉచిత పరీక్షల ఏర్పాటు ఉంది. మొదట మీకు కేటాయించిన ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో అడగండి, పెద్ద పరీక్షలకు వాళ్లే మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రికి రాసిస్తారు. ఈ-పెహచాన్ కార్డు (ఈఎస్‌ఐ గుర్తింపు కార్డు), ఆధార్ దగ్గరుంచుకోండి.

పోర్టు, స్టీల్ ప్లాంటు, రైల్వే ఉద్యోగులు, పింఛనుదారులు, మాజీ సైనికులు: మీకు సొంత ఆసుపత్రులు, పాలీక్లినిక్‌లు ఉన్నాయి. బయట డబ్బు పెట్టేముందు అక్కడ ఏమేం చేస్తారో కనుక్కోండి.

ఎన్టీఆర్ వైద్యసేవ, ఆయుష్మాన్ భారత్ కార్డులు: ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ఇవి ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు. 70 ఏళ్లు దాటినవారికిచ్చే వయ వందన కార్డు కూడా అంతే. ఈ కార్డు పట్టుకెళ్లి మాస్టర్ చెకప్ చేయమంటే చేయరు.

మరి ఏ బీమా చెకప్పూ లేనివారి సంగతి? దగ్గర్లోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ఉచితం. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, కుటుంబంలో జబ్బులు అడిగి మార్కులు వేసే ఫారం దీనికోసమే. 4 మార్కులు దాటితే ముందుగా పిలుస్తారు. మార్కులు తక్కువ వచ్చినా పరీక్ష చేయించుకోవచ్చు. బీమా ఉన్నవారికి కూడా ఇది పనికొస్తుంది, ఎందుకంటే బీమా ప్యాకేజీల్లో లేని క్యాన్సర్ పరీక్షలు ఇక్కడ ఉన్నాయి.

2. పాలసీలో వెతకాల్సిన సంగతులు

పాలసీ పుస్తకం అంతా చదవక్కర్లేదు. పాలసీతోపాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని కొన్ని పేజీల కాగితం ఇస్తారు. అందులో "హెల్త్ చెకప్" లేదా "ప్రివెంటివ్" అన్న మాట వెతకండి. తర్వాత ఈ ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద రాసుకోండి.

☐ మొదటి ఏడాది నుంచే ఉందా, రెన్యువల్ తర్వాతా?
☐ ప్రతి ఏడాదా, లేక క్లెయిమ్ చేయని సంవత్సరాల తర్వాతే వస్తుందా?
☐ పరిమితి రూపాయల్లోనా, బీమా మొత్తంలో శాతమా, లేక ఒక ఖాయమైన పరీక్షల జాబితానా?
☐ ఆ పరిమితి తలా ఒకరికా, పాలసీ మొత్తానికా? కుటుంబ పాలసీల్లో ఇది చాలా ముఖ్యం.
☐ ఎవరెవరికి? చాలా పాలసీల్లో 18 ఏళ్లు నిండినవారికే.
☐ క్యాష్‌లెసా (కేంద్రానికి కంపెనీయే కడుతుంది), రీయింబర్స్‌మెంటా (ముందు మీరు కట్టి తర్వాత వెనక్కి తీసుకోవాలి), రెండూనా?
☐ చెకప్ వాడితే, క్లెయిమ్ చేయని ఏడాదికి ఇచ్చే బోనస్ తగ్గుతుందా? సాధారణంగా తగ్గదు. ఆ వాక్యం పాలసీలో ఉందో లేదో కళ్లతో చూడండి.

ఇక తేదీ సంగతి. ఇక్కడ ఏడాది అంటే జనవరి నుంచి డిసెంబరు కాదు, ఏప్రిల్ నుంచి మార్చి కూడా కాదు. మీ పాలసీ మొదలైన తేదీ నుంచి లెక్క. ఆగస్టు 12న రెన్యువల్ అయ్యే పాలసీలో ఆగస్టు 11 అర్ధరాత్రితో ఆ ఏటి చెకప్ మురిగిపోతుంది. చాలా పాలసీల్లో వచ్చే ఏడాదికి కలవదు. ఆఖరి వారంలో బుక్ చేస్తే స్లాట్లు దొరక్క, దొరికినా ల్యాబ్ వాళ్లు వాయిదా వేస్తే గడువు దాటిపోతుంది. పాలసీ ఏడాది ముగియడానికి రెండు నెలల ముందే చేయించేయండి. ఫోన్‌లో గుర్తుపెట్టుకునే తేదీ రెన్యువల్ తేదీ కాదు, దానికి 60 రోజుల ముందు తేదీ.

జవాబులు దొరక్కపోతే కంపెనీకి ఫోన్ కాదు, ఈమెయిల్ పెట్టండి. ఏజెంట్ నోటిమాట రేపు పేచీ వస్తే పనికిరాదు. ఇలా రాస్తే చాలు: "నా పాలసీ నంబరు ఫలానా. ఈ పాలసీ ఏడాదిలో హెల్త్ చెకప్‌కు ఎవరెవరు అర్హులు, పరిమితి ఎంత, విశాఖపట్నంలో ఏ కేంద్రాల్లో క్యాష్‌లెస్ ఉంది, గడువు ఏ తేదీ, తెలియజేయగలరు."

3. ఏ పరీక్షలు కావాలి, ఏవి అక్కర్లేదు

"72 పరీక్షల ప్యాకేజీ" అన్న అంకె చూసి మోసపోవద్దు. ఒక్క రక్తకణాల పరీక్షలోనే ఇరవైకి పైగా విలువలుంటాయి, వాటన్నిటినీ విడివిడిగా లెక్కేసి అంకె పెంచుతారు. అంకె వదిలేసి కింది జాబితా ఉందో లేదో చూడండి.

30 దాటిన ఎవరికైనా మూల జాబితా:
☐ బీపీ, బరువు, నడుము కొలత (మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్త)
☐ రక్తకణాల పరీక్ష, హిమోగ్లోబిన్‌తో సహా
☐ పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్)
☐ కొలెస్ట్రాల్ పూర్తి పరీక్ష
☐ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష), మూత్ర పరీక్ష
☐ కాలేయానికి ఎస్‌జీపీటీ
☐ థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, ముఖ్యంగా ఆడవారికి
☐ 40 దాటితే ఈసీజీ, కంటి పరీక్ష

క్రియాటినిన్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి వచ్చి విశాఖలో స్థిరపడిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అక్కడి కిడ్నీ జబ్బులో, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా కనబడకుండానే కిడ్నీలు దెబ్బతినే తీరు ఉంది. మూత్ర పరీక్ష బాగుందని క్రియాటినిన్ మానేయకండి. ఆ వైపు మూలాలున్నవారికి ప్రతి ఏడాదీ రెండూ ఉండాల్సిందే.

రెండోది నోటి పరీక్ష. ఏ బీమా ప్యాకేజీలోనూ దాదాపు కనిపించదు, మన తీరానికి మాత్రం చాలా అవసరం. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉత్తరాంధ్ర పల్లెల్లో, మత్స్యకార వాడల్లో, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవారిలో ఇంకా ఉంది. దీనివల్ల పుండు అంగిలి మీద వస్తుంది, అద్దంలో తనకు కనబడదు. ఇంట్లో అమ్మమ్మకో నాయనమ్మకో ఈ అలవాటుంటే, ఎప్పుడో ఉండేదన్నా సరే, దంతవైద్యుడికి చూపించి "అంగిలి చూడండి" అని ప్రత్యేకంగా అడగండి. కట్టుడు పళ్లుంటే తీయించి చూపించాలి. గుట్కా, ఖైనీ వాడేవారికి బుగ్గల లోపలి వైపు చూడాలి.

ఆడవారికి గర్భాశయ ముఖద్వార పరీక్ష, రొమ్ము పరీక్ష ప్యాకేజీలో లేకపోతే పట్టణ ఆరోగ్య కేంద్రంలో చేయించుకోండి. అక్కడ ముఖద్వారాన్ని ఆమ్లద్రావణం పూసి కళ్లతో చూసే పరీక్ష చేస్తారు, బాగుంటే మళ్లీ ఐదేళ్లకు. తేడా కనిపిస్తే కేజీహెచ్‌కో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో రాయించుకోవచ్చు.

అక్కర్లేనివి కూడా చెప్పాలి. ఏ లక్షణమూ లేనివారికి రక్తంలో "క్యాన్సర్ మార్కర్లు" చూడటం వల్ల మేలు కన్నా కంగారు ఎక్కువ. జబ్బు లేకున్నా పెరుగుతాయి, ఉన్నా పెరగకపోవచ్చు. మగవారికి ప్రొస్టేట్ గ్రంథి కోసం చేసే పీఎస్‌ఏ రక్తపరీక్ష కూడా డాక్టర్‌తో మాట్లాడకుండా చేయించొద్దు. బీమా పరిమితి తక్కువైతే విటమిన్ పరీక్షలు పక్కనపెట్టి ఈసీజీ తీసుకోండి.

4. బుకింగ్: ఈ వరుస మార్చొద్దు

ఒకటి. కంపెనీ యాప్‌లోగానీ వెబ్‌సైట్‌లోగానీ పాలసీ నంబరుతో లాగిన్ అవ్వండి. పాలసీ ఎవరి పేరుమీద ఉందో వారి ఫోన్ నంబరుకే ఓటీపీ వస్తుంది. అబ్బాయి హైదరాబాద్‌లో ఉండి పాలసీ అతని పేరుమీద ఉంటే, బుక్ చేసేటప్పుడు అతను ఫోన్ దగ్గర ఉండాలి.

రెండు. ఎవరికి చెకప్పో ఆ సభ్యుడిని ఎంచుకోండి. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా చూడండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాతో కౌంటర్ దగ్గర వెనక్కి పంపిన సందర్భాలు ఎన్నో. తేడా ఉంటే ముందు కంపెనీకి రాసి సరిచేయించుకుని, తర్వాత బుక్ చేయండి.

మూడు. ఇంటికొచ్చి శాంపిల్ తీసుకోవడమా, కేంద్రానికి వెళ్లడమా తేల్చుకోండి. ఇంటి శాంపిల్‌లో రక్తం, మూత్రం మాత్రమే అవుతాయి. ప్యాకేజీలో ఈసీజీ, ఎక్స్‌రే, స్కానింగ్, డాక్టర్ కన్సల్టేషన్ ఉండి కూడా ఇంటి శాంపిల్ ఎంచుకుంటే, మిగతావి చాలాసార్లు రద్దయినట్టే. నడవలేని పెద్దవారికి తప్ప కేంద్రానికి వెళ్లడమే మంచిది.

నాలుగు. కేంద్రం దగ్గర్లో ఉందని కాక, అన్నీ ఒకేచోట ఉన్నాయా అని చూడండి. మధురవాడ వారికి ఆరిలోవ హెల్త్ సిటీ వైపు, గాజువాక వారికి ఆ చుట్టుపక్కల, ఊరి మధ్యలోని వారికి రామ్‌నగర్, మహారాణిపేట, ద్వారకానగర్ వైపు కేంద్రాలుంటాయి. పరగడుపున గాజువాక నుంచి మహారాణిపేట దాకా ట్రాఫిక్‌లో కూర్చోవడం షుగర్ ఉన్న పెద్దవారికి మంచిది కాదు. వారికి ఉదయం 7 గంటల స్లాట్, ఇంటికి దగ్గర కేంద్రం.

ఐదు. బుకింగ్ ఖాయమయ్యాక వచ్చే కోడ్ లేదా వోచర్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. వెళ్లే ముందురోజు సాయంత్రం కేంద్రానికే నేరుగా ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి: "నా బుకింగ్ మీ దగ్గర కనబడుతోందా? అందులో ఏయే పరీక్షలున్నాయి?" బీమా కంపెనీతో కేంద్రానికున్న ఒప్పందం ముగిసిపోయినా యాప్‌లో ఆ కేంద్రం పేరు మిగిలిపోతుంటుంది. ఈ ఒక్క ఫోన్‌కాల్‌తో పొద్దున్నే వెళ్లి ఉత్తచేతులతో తిరిగిరావడం తప్పుతుంది.

5. ముందురోజు తయారీ

పరగడుపు అంటే 10 నుంచి 12 గంటలు. రాత్రి 8 గంటలకు భోజనం ముగించి ఉదయం 7కు రక్తమివ్వడం సరిపోతుంది. 16, 18 గంటలు కడుపు మాడ్చుకోవడం మంచిది కాదు, విలువలు తారుమారవుతాయి. మంచినీళ్లు తాగొచ్చు, తాగాలి కూడా. మన ఊరి ఉక్కపోతకు ఒంట్లో నీరు తగ్గితే నరం దొరకదు, క్రియాటినిన్ కూడా పెరిగి కనబడొచ్చు. కాఫీ, టీ, పాలు, చుట్ట, సిగరెట్ వద్దు.

ఆదివారం మాంసం కూర గట్టిగా తిని సోమవారం పొద్దున్నే రక్తమిస్తే క్రియాటినిన్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) పెరిగి కనిపిస్తాయి. చెకప్‌కు మంగళవారం, బుధవారం పెట్టుకోండి. మద్యం తాగేవారు కనీసం మూడు రోజులు మానాలి. ముందురోజు జిమ్‌లో బరువులెత్తినా, బీచ్ రోడ్డులో ఎప్పుడూ లేనంత పరుగెత్తినా కాలేయం విలువలు మారతాయి. జ్వరం వస్తే తగ్గాక రెండు వారాలు ఆగి వెళ్లండి.

మందుల విషయంలో జరిగే తప్పులే ఎక్కువ. మీ డాక్టర్‌ను ఒకసారి అడిగి ఖాయం చేసుకోండి, మామూలుగా పాటించే పద్ధతి ఇది:

☐ బీపీ మాత్ర: రోజూలాగే, గుక్కెడు నీళ్లతో.
☐ షుగర్ మాత్రలు, ఇన్సులిన్: పరగడుపున వద్దు. రక్తమిచ్చాక టిఫిన్‌తో, రోజూ వేసుకున్నట్టే వేసుకోవాలి. మాత్ర మానేసి తిన్న తర్వాత షుగర్ చూపిస్తే, లేని పెరుగుదల కనబడుతుంది, డాక్టర్ అనవసరంగా మోతాదు పెంచుతారు.
☐ థైరాయిడ్ మాత్ర: రక్తమిచ్చాకే.
☐ జుట్టు కోసం వాడే బయోటిన్: రెండు మూడు రోజుల ముందే ఆపాలి. థైరాయిడ్ ఫలితాన్ని తప్పుదారి పట్టిస్తుంది.
☐ షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతుంటే ల్యాబ్‌లో చెప్పండి. వీటివల్ల మూత్రంలో షుగర్ కనబడటం మామూలే.

ఆడవారికి: మూత్ర పరీక్ష, ముఖద్వార పరీక్ష నెలసరి రోజుల్లో వద్దు. మామోగ్రామ్ నెలసరి ముగిసిన వారంలో అయితే నొప్పి తక్కువ, ఆ రోజు చంకల్లో పౌడర్, డియోడరెంట్ రాసుకోవద్దు. గర్భం ఉందేమోనన్న అనుమానం ఏమాత్రం ఉన్నా ఎక్స్‌రేకు ముందే చెప్పాలి.

సంచిలో పెట్టుకోవాల్సినవి: ఆధార్, హెల్త్ కార్డు, వోచర్, పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ, కళ్లద్దాలు, తినడానికి ఇడ్లీ డబ్బా. షుగర్ ఉన్నవారికి పంచదార లేదా గ్లూకోజ్.

6. ఆ రోజు ఏది ముందు, ఏది తర్వాత

కేంద్రంలో ఖాళీగా ఉన్న గదికల్లా పంపిస్తుంటారు. ఈ క్రమం మీరే పట్టుకోండి.

ముందు బీపీ. వచ్చిన ఆయాసం తీరేలా ఐదు నిమిషాలు కుర్చీలో ఆనుకుని కూర్చుని, మాట్లాడకుండా, చేయి గుండె ఎత్తులో పెట్టి చూపించుకోవాలి. మూత్రం ఆపుకుని ఉంటే బీపీ పెరిగి కనబడుతుంది. స్కానింగ్ కోసం మూత్రం ఆపుకున్నట్టయితే, బీపీని స్కానింగ్ తర్వాత మళ్లీ చూడమనండి.

తర్వాత పరగడుపు రక్తం. ఆ వెంటనే, ఏమీ తినకముందే, పొట్ట స్కానింగ్. తింటే పిత్తాశయం ముడుచుకుపోయి రాళ్లు సరిగ్గా కనబడవు. దీనికి మూత్రాశయం నిండి ఉండాలి. అందుకే మూత్రం శాంపిల్ స్కానింగ్ తర్వాత ఇవ్వాలి, మొదటి ధార వదిలి మధ్య ధార పట్టాలి.

ఇప్పుడు టిఫిన్. మొదటి ముద్ద నోట్లో పెట్టిన టైము రాసుకోండి. తిన్న తర్వాత షుగర్‌కు రెండు గంటల లెక్క అక్కడినుంచే, చేయి కడిగిన దగ్గర్నుంచి కాదు. ఇంట్లో రోజూ తినేదే తినండి. ఈ రెండు గంటల్లో మళ్లీ టీ, బిస్కెట్ వద్దు, పరుగులు పెట్టొద్దు. ఈలోగా ఈసీజీ, ఎక్స్‌రే, కళ్లు, పళ్లు చూపించుకోవచ్చు.

రెండు గంటలకు రెండో రక్తం. ట్రెడ్‌మిల్ పరీక్ష ఉంటే అన్నిటికన్నా చివర.

కౌంటర్‌లో "ఇంకో కొంచెం కడితే ఇది కూడా చేస్తాం" అంటారు. ఆ డబ్బు బీమాలో రాదు. అవసరమనిపిస్తే డాక్టర్‌ను అడిగి వేరే రోజు చేయించుకోండి. వచ్చేముందు వోచర్‌లో ఉన్న ప్రతి పరీక్షకూ టిక్కు పెట్టి చూసుకోండి. సంతకం చేశాక ఏదో మిగిలిపోయిందంటే మళ్లీ తెరవడం కష్టం.

ఇంకో హెచ్చరిక. "ఒక్కరోజు అడ్మిట్ అయితే పరీక్షలన్నీ ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. పరీక్షల కోసమే ఆసుపత్రిలో చేరడం బీమా పాలసీల్లో ప్రామాణిక మినహాయింపుల జాబితాలో ఉంది. క్లెయిమ్ తిరస్కరిస్తారు. అబద్ధపు కారణం రాయించి చేరితే పాలసీకే ఎసరు.

7. రిపోర్టు వచ్చాక

లింకు ద్వారా వచ్చే రిపోర్టును ఆ రోజే పీడీఎఫ్‌గా దించుకోండి, ఆ లింకులు కొన్నాళ్లకు పనిచేయవు. 14 అంకెల ఆభా నంబరు (ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఖాతా) ఉంటే దానికి జోడించండి. పేరు, వయసు మీవేనా చూడండి.

ఎర్ర అక్షరాల్లో కనబడినదల్లా జబ్బు కాదు, నల్ల అక్షరాల్లో ఉన్నదంతా క్షేమం కాదు. డాక్టర్‌ను కలిసేలోపు ఈ కొలతలు తెలిస్తే చాలు.

పరగడుపు షుగర్ 100 నుంచి 125, లేదా హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4: షుగర్ వచ్చే దారిలో ఉన్నారు. 126, 6.5 అంతకుమించితే డయాబెటిస్ అనుమానం, లక్షణాలు లేకపోతే ఇంకోసారి పరీక్షతో నిర్ధారించాలి.

హిమోగ్లోబిన్ ఆడవారికి 12, మగవారికి 13 కన్నా తక్కువైతే రక్తహీనత. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ అంకెను నమ్మలేం, పరగడుపు షుగర్‌తో కలిపి చూడమని డాక్టర్‌కు గుర్తుచేయండి.

బీపీ 140/90 దాటితే ఆ ఒక్క కొలతతో మాత్రలు మొదలుపెట్టక్కర్లేదు, మరో రోజు మళ్లీ చూపించాలి. మరీ ఎక్కువగా, 180/120 దాటి, తలనొప్పి, ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే మాత్రం అప్పటికప్పుడు ఆసుపత్రికి.

ప్యాకేజీలో డాక్టర్ కన్సల్టేషన్ ఉంటే తప్పక వాడుకోండి. వీడియో కాల్ అయినా సరే. పోయినేటి రిపోర్టు పక్కన పెట్టుకుని కూర్చోండి: క్రియాటినిన్ 0.8 నుంచి 1.2కు పెరగడం, రెండూ మామూలు హద్దుల్లోనే ఉన్నా, డాక్టర్ చూడాల్సిన మార్పు. ఈ పోలిక కోసమే ప్రతి ఏడాదీ వీలైతే ఒకే ల్యాబ్‌కు వెళ్లమనేది.

8. జబ్బు బయటపడితే పాలసీకి ముప్పా?

ఈ భయంతోనే చాలామంది చెకప్ మానేస్తున్నారు. నిబంధన ఇది: పాలసీ మొదలయ్యే తేదీకి ముందు 36 నెలల్లో డాక్టర్ గుర్తించిన, లేదా చికిత్స సూచించిన జబ్బునే ముందునుంచీ ఉన్న జబ్బు అంటారు. పాలసీ తీసుకున్న తర్వాత చెకప్‌లో మొదటిసారి తెలిసిన షుగర్ ఆ లెక్కలోకి రాదు. కొత్తగా జబ్బు వచ్చిందని రెన్యువల్ నిరాకరించడం కూడా కుదరదు.

జాగ్రత్త పడాల్సినవి రెండు. బీమా మొత్తం పెంచుకోవాలన్నా, వేరే కంపెనీకి మారాలన్నా దరఖాస్తులో రిపోర్టులో తేలినదంతా రాయాలి. దాస్తే తర్వాత క్లెయిమ్ దగ్గర బయటపడుతుంది. అలాగే పాలసీ లేకుండా ముందు చెకప్ చేయించుకుని, జబ్బు తేలాక పాలసీ కొంటే దాన్ని చెప్పి తీరాలి, ఆ జబ్బుకు క్లెయిమ్ రాని నిరీక్షణ కాలం 36 నెలల దాకా ఉండొచ్చు.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఒక సూచన: అక్కడికి తీసుకెళ్లే విజిటర్ ఇన్సూరెన్స్‌లో మామూలుగా చెకప్‌లు ఉండవు. ప్రయాణానికి నెల ముందే ఇక్కడి పాలసీలో చెకప్ చేయించుకుని, మందులు సరిచేయించుకుని వెళ్లండి.

9. డబ్బు వెనక్కి రావాలంటే, పన్ను తగ్గాలంటే

రీయింబర్స్‌మెంట్ పాలసీ అయితే ఈ కాగితాలన్నీ ఒకేసారి పంపండి:

☐ పరీక్షల వారీగా ధరలున్న అసలు బిల్లు, చెకప్ చేయించుకున్నవారి పేరుతో
☐ డబ్బు కట్టిన రసీదు
☐ రిపోర్టుల నకళ్లు
☐ సంతకం చేసిన క్లెయిమ్ ఫారం
☐ పేరు ముద్రించిన క్యాన్సిల్డ్ చెక్కు

ఎస్టిమేట్ కాగితాన్ని బిల్లు అనుకుని పంపడం, భర్త పేరుతో బిల్లు తీసి భార్య రిపోర్టు జతచేయడం, గడువు దాటాక పంపడం: తిరస్కరణలు ఎక్కువగా వీటివల్లే. పంపే ముందు ప్రతి కాగితాన్నీ ఫొటో తీసుకోండి.

మీ జేబులోంచి కట్టిన చెకప్ ఖర్చుకు పాత పన్ను విధానంలో ఆరోగ్య బీమాకు ఇచ్చే మినహాయింపు (1961 ఆదాయపు పన్ను చట్టంలో 80డి సెక్షన్) కింద ఏడాదికి 5,000 రూపాయల దాకా మినహాయింపు ఉంది. మీరు, జీవితభాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రులు అందరికీ కలిపి అంతే. ప్రీమియానికి ఉన్న పరిమితిలోనే ఇదీ కలుస్తుంది. ప్రీమియం నగదుగా కడితే మినహాయింపు రాదు, చెకప్‌కు మాత్రం నగదు ఇచ్చినా చెల్లుతుంది. బీమా కంపెనీ భరించిన మొత్తాన్ని చూపించకూడదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఇది లేదు.

10. కాదంటే ఏం చేయాలి

కేంద్రం దగ్గర నిరాకరిస్తే వాదనకు దిగకుండా అక్కడినుంచే కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. సొంత డబ్బు కట్టి చేయించుకోవాల్సివస్తే, "క్యాష్‌లెస్ కుదరలేదు, రీయింబర్స్ చేస్తారా" అని ఈమెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే కట్టండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే ఏ నిబంధన కింద అన్నది రాతపూర్వకంగా అడగండి. తర్వాత కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి, రెండు వారాల్లో తేల్చాలి. తేలకపోతే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో, లేదా 155255 టోల్‌ఫ్రీ నంబరులో ఫిర్యాదు చేయొచ్చు.

అదీ కాకపోతే బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా పేచీలు తీర్చే అధికారి. ఆంధ్రప్రదేశ్‌కు ఈ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది, ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కంపెనీకి రాసి నెల గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా వెళ్లొచ్చు, ఏడాది లోపు వెళ్లాలి. ఫిర్యాదుతో వోచర్ స్క్రీన్‌షాట్, ముందుగా పెట్టిన ఈమెయిల్, కంపెనీ జవాబు, బిల్లు, తేదీల వరుసలో జతచేయండి.